ఎవరు కదలాలి, ఎవరు ఆగాలి?

హరికేన్ ముంచుకొస్తున్నప్పుడు జనాన్ని ఖాళీ చేయించడం గురించి జరిగే చర్చ సాధారణంగా ఎంతమందిని, ఎంత త్వరగా తరలించారన్న లెక్క దగ్గరే ఆగిపోతుంది. అయితే అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో హ్యూస్టన్ మహానగరమూ, దానికి ఆగ్నేయంగా మెక్సికో సింధుశాఖ అంచున ఉన్న గాల్వెస్టన్ ద్వీపమూ 2005 నుంచి 2024 వరకు ఎదుర్కొన్న నాలుగు తుపానులను వరుసగా పరిశీలిస్తే, కదలవలసిన అవసరం లేనివారిని ఉన్నచోటనే ఉంచగలగడమే తరలింపులో అన్నిటికన్నా కష్టమైన పని అనీ, ప్రణాళికలు ఆలస్యంగా గుర్తించిన పని కూడా అదేననీ తేలుతుంది.

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ టెక్సస్ పొరుగునున్న లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్‌ను ముంచెత్తడానికి 24 గంటల ముందు కూడా నగరాన్ని తప్పనిసరిగా ఖాళీ చేయాలన్న ఆదేశం వెలువడలేదు. సొంత కారు లేని పేదలు, వృద్ధులు ఇళ్ల పైకప్పుల మీదా, సూపర్‌డోమ్ క్రీడామందిరంలోనూ చిక్కుకుపోయిన దృశ్యాలను దేశమంతా టీవీల్లో చూసింది. నాలుగు వారాలైనా గడవకముందే రీటా హరికేన్ గంటకు 280 కిలోమీటర్ల వేగపు గాలులతో గాల్వెస్టన్ దిశగా కదలడం మొదలుపెట్టేసరికి, తీరప్రాంతాలు ముందు, లోపలి ప్రాంతాలు ఆ తరువాత అన్న క్రమాన్ని పట్టించుకునే స్థితిలో జనం లేరు. వివిధ అంచనాల ప్రకారం 25 లక్షల నుంచి 37 లక్షల మంది దాదాపు ఒకేసారి రోడ్డెక్కారు. మామూలుగా 4 గంటల్లో డాలస్ చేరే కార్లకు 20 గంటలకు పైగా పట్టింది. దారిలోని పెట్రోలు బంకులు అడుగంటాయి. ఉన్న పెట్రోలును మిగుల్చుకునేందుకు 38 డిగ్రీల ఎండలో ఏసీలు ఆపేసుకుని గంటల తరబడి కూర్చున్నవారిలో కొందరు వడదెబ్బకు ప్రాణాలు వదిలారు. రహదారిలో నగరం వైపు వచ్చే వరుసలను కూడా బయటికి పోయే వాహనాలకే కేటాయించే ఏర్పాటును కాంట్రాఫ్లో అంటారు. అది అమలులోకి వచ్చేసరికే రోడ్లు స్తంభించిపోయాయి. చివరకు రీటా తూర్పుకు మళ్లి సెప్టెంబరు 24న లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది. టెక్సస్‌లో దాని పేరిట లెక్కకెక్కిన మరణాలు వంద దాటగా, వాటిలో అత్యధికం తుపాను వల్ల కాక తరలింపు వల్ల సంభవించినవే.

వాటిలో 23 మరణాలు ఒకే బస్సులో జరిగాయి. హ్యూస్టన్ పక్కనే ఉన్న బెల్లెయిర్‌లోని వృద్ధాశ్రమం నుంచి, లేచి నడవలేని వారితో, ఆక్సిజన్ సిలిండర్లతో బయలుదేరిన ఆ బస్సు, దాదాపు 15 గంటల ప్రయాణం తరువాత సెప్టెంబరు 23 తెల్లవారుజామున డాలస్ సమీపంలో తగలబడింది. వెనుక చక్రం ఎర్రగా కాలిపోవడాన్ని వేరే వాహనదారుడొకరు గమనించి డ్రైవరుకు చెప్పేటప్పటికే ఆలస్యమైపోయింది. చక్రపు బేరింగులో తగినంత గ్రీజు లేకపోవడమే మంటలకు మూలమని సమాఖ్య దర్యాప్తు తేల్చింది. గ్రీజు సంగతి నిజమే, కానీ సముద్రానికి అంత దూరంలో ఉన్న ఆశ్రమాన్ని అసలు ఖాళీ చేయించవలసి వచ్చిందా అన్న ప్రశ్న బేరింగు ప్రశ్నకన్నా పెద్దది.

ఈ గందరగోళానికి మూలం ప్రమాదాన్ని కొలిచే పద్ధతిలోనే కొంత ఉంది. హరికేన్‌లను 1 నుంచి 5 వరకు వర్గీకరించే సఫిర్-సింప్సన్ కొలమానం నిలకడగా వీచే గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది. ఉప్పెన ఎత్తునుగాని, వర్షపాతాన్నిగాని అది లెక్కలోకి తీసుకోదు. ప్రాణాలు తీసేది మాత్రం నీరే: 1963 నుంచి 2012 వరకు అమెరికాలో అట్లాంటిక్ తుపానుల ప్రత్యక్ష ప్రభావంతో సంభవించిన మరణాలలో సుమారు 90 శాతం నీటి వల్ల, అందులోనూ మొత్తం మరణాలలో దాదాపు సగం ఉప్పెన వల్ల సంభవించాయని జాతీయ హరికేన్ కేంద్రం విశ్లేషణ వెల్లడించింది. టీవీ తెర మీద కనిపించే అంకె గాలిది కావడంతో, గట్టి ఇంట్లో గాలిని తట్టుకోగలవారు కూడా బయలుదేరతారు. ఆదేశం వర్తించని ప్రాంతాల జనం ఇలా తమంతట తాము కదలడాన్ని నిపుణులు ఛాయా తరలింపు అంటారు. రోడ్డు మీద ముందున్న కారు ఛాయా తరలింపుదైతే, వెనుక ఆగిపోయిన కారు ఉప్పెన ముప్పున్న కుటుంబానిది కావచ్చు.

అదే అంకె దీనికి విరుద్ధమైన పొరపాటుకు కూడా దారితీస్తుందని 2008 సెప్టెంబరు 13న గాల్వెస్టన్ వద్ద తీరం దాటిన ఐక్ నిరూపించింది. అది కేవలం కేటగిరీ 2 తుపాను. ఒకటి రెండంతస్తుల ఇళ్లలో ఉండిపోయినవారికి మరణం తప్పదన్నంత కటువైన భాషలో వాతావరణ శాఖ స్థానిక కార్యాలయం హెచ్చరించినా వేలాది మంది ద్వీపం విడిచిపెట్టలేదు. పక్కనున్న బొలివర్ ద్వీపకల్పంలో ఉప్పెన నాలుగున్నర నుంచి ఆరు మీటర్ల ఎత్తుకు లేచి, గిల్‌క్రిస్ట్ అనే ఊరిని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టింది. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన ఒక్క ఇల్లు చుట్టూ ఏమీ లేని ఇసుకలో నిలబడి ఉన్న ఫొటో అప్పట్లో పత్రికలన్నిటిలో వచ్చింది. అయితే హ్యూస్టన్ లోపలి ప్రాంతాలలో మాత్రం రీటా పాఠం పనిచేసింది. పిన్‌కోడ్ వంటి జిప్ కోడ్‌ల ప్రకారం ఉప్పెన మండలాలను ముందే విభజించి, ఆ మండలాల వెలుపలివారు ఇళ్లలోనే ఉండాలని హారిస్ కౌంటీ జడ్జి ఎడ్ ఎమెట్ పదేపదే కోరారు. కౌంటీ జడ్జి పేరుకే జడ్జి. విధుల రీత్యా మన జిల్లా కలెక్టరుకు దగ్గరైన, కానీ ఓటుతో ఎన్నికయ్యే పాలనాధికారి.

2017 ఆగస్టులో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు ఇదే ఎమెట్, హ్యూస్టన్ మేయర్ సిల్వెస్టర్ టర్నర్ నగరాన్ని ఖాళీ చేయించరాదని నిర్ణయించారు. గవర్నరు అందుకు భిన్నమైన సలహా ఇవ్వడంతో వివాదం రేగింది. టెక్సస్‌లోని నీడర్‌లాండ్ పట్టణం సమీపంలో 1,539 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాదులో ఏడాది పొడవునా పడే సగటు వర్షానికి దాదాపు రెట్టింపు, కొద్ది రోజుల్లోనే కురిసింది. టెక్సస్‌లో తుపాను ప్రత్యక్ష ప్రభావంతో మరణించిన 68 మందిలో ముగ్గురు మినహా అందరూ వరదనీటికే బలయ్యారు. వారిలో వాహనాల్లో చిక్కుకున్నవారూ ఉన్నారు. కాలువలు పట్టని నీటిని వీధుల్లో నిలబెట్టేలా హ్యూస్టన్ డ్రైనేజీని రూపొందించారు కాబట్టి, భారీ వర్షంలో ఆ నగరంలో మొదట మునిగేది రోడ్డే. 65 లక్షల జనాన్ని ఆ రోడ్ల మీదికి పంపి ఉంటే మృతుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగేదన్న వాదనను కాదనడం కష్టం.

నగరం మొత్తం మీద సరైన ఆ నిర్ణయం నగరంలో ఒక భాగం విషయంలో విఫలమైంది. పశ్చిమాన ఆడిక్స్, బార్కర్ అనే రెండు జలాశయాలను 1940లలో సైనిక ఇంజినీరింగ్ విభాగం నిర్మించింది. ఇవి మామూలుగా ఎండి ఉండి, వరదలప్పుడు మాత్రమే నిండుతాయి. పూర్తిగా నిండితే నీరు ఎంతవరకు చేరుతుందో తెలిసినా అంత భూమినీ ప్రభుత్వం సేకరించలేదు, ఆ మిగిలిన భూమిలో కాలనీలు లేచాయి. తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన కేటీ పరిసరాలు కూడా ఈ జలాశయాల ఎగువనే ఉన్నాయి. హార్వీ సమయంలో ఎగువ ఇళ్లు నిల్వనీటిలో, ఆగస్టు 28న గేట్లు ఎత్తిన తరువాత దిగువ ఇళ్లు విడుదలైన నీటిలో మునిగాయి. ఎగువ ఇళ్ల మునకకు సమాఖ్య ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2019లో న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఎవరు ఆగాలో చెప్పగల ప్రభుత్వం, ఏ వీధులవారు ఆగకూడదో చూపే పటాన్ని దగ్గర పెట్టుకుని కూడా ఆ వీధులకు సకాలంలో కబురు పంపలేదు.

ఆంధ్ర తీరపు అనుభవం ఇక్కడ వేరే కోణాన్ని చూపుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు పది వేల మందిని బలిగొన్న తరువాత తీర గ్రామాలలో తుపాను షెల్టర్లు వెలిశాయి. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం సమీపంలో అంతటి తీవ్ర తుపానే తీరం దాటినా, లక్షలాది మందిని ముందే తరలించడంతో మరణాలు వెయ్యిలోపే పరిమితమయ్యాయి. అక్కడ ప్రయాణం వందల కిలోమీటర్లది కాదు. ఎత్తు మీద కట్టిన కాంక్రీటు భవనం వరకో, పక్క ఊరి బడి వరకో మాత్రమే. రవాణా బాధ్యత కూడా కుటుంబం మీద కాక రెవెన్యూ యంత్రాంగం మీద ఉంటుంది. అమెరికాలో ఆదేశం ప్రభుత్వానిది, కారు, పెట్రోలు, హోటల్ గది మాత్రం కుటుంబానివి. అందుకే అక్కడ ఉత్తర్వు అందడం వేరు, దాన్ని పాటించగలగడం వేరు.

ఆగమని చెప్పడంతో బాధ్యత తీరదు. 2024 జూలై 8న వచ్చిన బెరిల్ కేవలం కేటగిరీ 1 అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు. ఎండవేడికి, ఇంటి దగ్గర నడిపిన జనరేటర్ల పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు జనం ప్రాణాలు కోల్పోయారు. సహాయం కావలసినవారు 211 నంబరుకు ఫోన్ చేసి రాష్ట్ర జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు గాని, నమోదు చేసుకున్నంత మాత్రాన సహాయం వస్తుందన్న హామీ లేదు. ఫ్లోరిడాలో 2017లో ఇర్మా హరికేన్ అనంతరం ఏసీ పనిచేయని ఒక వృద్ధాశ్రమంలో 12 మంది మరణించగా, గదులను చల్లగా ఉంచగల జనరేటర్లను వృద్ధాశ్రమాలకు తప్పనిసరి చేస్తూ ఆ రాష్ట్రం మరుసటి ఏడాది చట్టం చేసింది. ఈ చట్టంతో, ఉప్పెన చేరని ఆశ్రమాలకు బస్సు ఎక్కించడం కాక రెండో దారి కూడా ఏర్పడింది.