అరువు వ్యూహంతో గెలిచి ఏం లాభం?

ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌లో కొందరు అట్టడుగు జట్టును ఎంచుకుంటారు. మొదటి మ్యాచ్ కూడా ఆడకుండానే, ఎవరో తయారుచేసిన గెగెన్‌ప్రెస్ (బంతి పోగానే మీదపడి లాక్కునే) వ్యూహాన్ని డౌన్‌లోడ్ చేసి జట్టు నెత్తిన రుద్దుతారు. సీజన్ చివర కప్పు చూపించి, చిన్న జట్టుతో అద్భుతం చేశామంటారు. నేనొప్పుకోను! తన ఆటగాళ్లలో ఎవరు పరిగెత్తగలరో, ఎవరు ఆయాసపడతారో చూడనివాణ్ని మేనేజర్ అని ఎలా అనాలి?

మనవాళ్లకు ఏది చేతకాదో ముందు తెలుసుకోవాలి. 2015-16 లెస్టర్ సిటీని చూడండి. వెనక వెస్ మోర్గన్, రాబర్ట్ హూత్. గాల్లో బంతి వస్తే వాళ్లదే, పరుగు పందెంలో మాత్రం వెనకబడతారు. ఆ ఇద్దరినీ సెంటర్ లైన్ దాకా తోస్తే వెనక మిగిలే ఖాళీలో ప్రత్యర్థి స్ట్రైకర్ పండగ చేసుకుంటాడు. మేనేజర్ క్లాడియో రనియేరి వాళ్లను తమ పెనాల్టీ బాక్స్ దగ్గరే నిలిపాడు. బంతిని ఎదుటివాళ్లకే వదిలేశాడు. మిడ్‌ఫీల్డర్ కాంటే దాన్ని లాక్కున్నాడా, పక్కనున్న డ్రింక్‌వాటర్ కాలి నుంచి ఒక పొడవాటి పాస్, దాని వెంట స్ట్రైకర్ వార్డీ దౌడు. బుకీలు గెలుపుకు 5000కు 1 పందెం ఇచ్చిన జట్టు 81 పాయింట్లతో ఇంగ్లండ్ చాంపియన్ అయింది.

దీన్ని పిరికి ఆట అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. 2004 యూరోకు ముందు గ్రీస్ ఏ పెద్ద టోర్నీలోనూ ఒక్క మ్యాచ్ గెలవలేదు. కోచ్ ఒట్టో రెహాగెల్ చేతిలో అదే జట్టు ఫ్రాన్స్‌ను, చెక్ రిపబ్లిక్‌ను, ఫైనల్లో పోర్చుగల్‌ను వాళ్ల లిస్బన్‌లోనే ఓడించింది. మూడూ 1-0. మూడు గోల్స్ హెడర్లే, అందులో రెండు కార్నర్ల నుంచి వచ్చినవి. కోట్లు పోసి స్టార్లను కొనలేనివాడు కార్నర్ మీద గంటలు వెచ్చిస్తే తప్పేంటి? అందంగా ఓడిపొమ్మని పేదవాడికి చెప్పే హక్కు ఎవరిచ్చారు?

గేమ్‌లో డౌన్‌లోడ్ చేసిన ఆ వ్యూహం ఫైలు తీసెయ్యండి. మీ డిఫెండర్ల వేగం 20కి 9 ఉంటే డిఫెన్సివ్ లైన్ కిందికి దించండి. ప్రెసింగ్ తగ్గించండి, బెంచీ మీద నలుగురు గట్టివాళ్లు లేని జట్టుకు సీజనంతా ఆ పరుగు ఎక్కడిది? ముందుకెళ్లే పని ఇద్దరికో ముగ్గురికో ఇచ్చి, మిగతావాళ్లను కదలనివ్వకండి. కార్నర్ పడితే మీలో అందరికన్నా పొడుగువాణ్ని గోల్ ముందుకు పంపండి. ఓడితే, ఏ గోల్ ఎక్కడినుంచి వచ్చిందో రీప్లే పెట్టి చూసి, ఆ ఒక్క చోటే మార్చండి.