కొన్న ఆటకే తాళం

హైదరాబాద్ గోపన్‌పల్లిలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో పగలంతా ఏం పని జరుగుతుందనుకున్నారు? అందులో కొంత పాత ప్రోగ్రామ్‌లను బతికించే పని. ఏ అమెరికా బ్యాంకులోనో, ఏ బీమా కంపెనీలోనో ఎప్పుడో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన లెక్కలు ఇవాళ్టికీ ఆగకుండా నడవాలి. వాటిని కంటికి రెప్పలా చూసుకునేవాళ్లలో మనవాళ్లు కొల్లలు. ఆ పనికి లెగసీ సపోర్ట్ అని గౌరవమైన పేరు, నెల తిరిగేసరికి జీతం. అదే మనిషి శనివారం రాత్రి 1999 నాటి కంప్యూటర్ ఆటను కొత్త లాప్‌టాప్‌లో నడిపించాలని కూర్చుంటే మాత్రం పనీపాటా లేనివాడంటారు. అనేది బయటివాళ్లు కూడా కాదు, ఇంట్లోవాళ్లే.

నేను చెప్పేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 గురించి. డాలస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేస్తే మైక్రోసాఫ్ట్ అమ్మింది. అప్పటి హైదరాబాద్‌ను గుర్తు తెచ్చుకోండి. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌ను ఇక్కడ పెట్టింది. అమీర్‌పేటలో, 2000 రాగానే పాత ప్రోగ్రామ్‌ల తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని కోబాల్ నేర్పే గదులు కిటకిటలాడుతున్నాయి. పగలు కోబాల్ నేర్చుకున్న కుర్రాళ్లే సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి రాజ్యాలు ఏలారు. ముగ్గురు పనివాళ్లు, ఒక గుర్రపు రౌతు, ఊరి మధ్య ఒక భవనం. గొర్రెలు కోసి, కట్టెలు కొట్టి, బంగారం తవ్వి, చివరికి పక్కవాడి కోట కూల్చాలి. తిండి చాలకపోతే ‘చీజ్ స్టీక్ జిమ్మీస్’ అని టైప్ చేస్తే గిడ్డంగి నిండేది. ఆ జిమ్మీ ఎవరో మాకు తెలియదు. అన్నం పెట్టాడు, చాలు.

గోపన్‌పల్లిలో ఉండే మిత్రుడొకడి దగ్గర అప్పట్లో బాబాయి అమెరికా నుంచి తెచ్చిన అసలు పెట్టె ఉంది, సీడీతో సహా. కొత్త లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు కాబట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో యూఎస్‌బీ సీడీ డ్రైవ్ కొనడంతో కథ మొదలైంది. ఇలాంటి ఆటలు మొరాయించడానికి కారణాలు రకరకాలు. కొన్ని ఆటలు 32 బిట్‌వే అయినా వాటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రామ్‌ను గడప తొక్కనివ్వదు. నలుగురు కలిసి ఆడటానికి వాడిన డైరెక్ట్‌ప్లే ఇప్పుడు విండోస్‌లో ‘లెగసీ కాంపొనెంట్స్’ కింద ఓ మూలన పడి ఉంటుంది, మనమే వెతికి టిక్ పెట్టాలి.

అన్నిటికంటే వింతైనది రంగుల గొడవ. ఈ ఆట తెరమీద ఒకేసారి 256 రంగులే వాడుతుంది. ఏ అంకెకు ఏ రంగో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. విండోస్ 7 రోజుల్లో డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ మధ్యలో దూరి ఆ పట్టికను కెలికేది. పచ్చిక ఎర్రబడేది, నీళ్లు ఊదారంగుకు తిరిగేవి. దానికి కనిపెట్టిన విరుగుడు నాటు వైద్యమే. ఆట మొదలుపెట్టే ముందు ఎక్స్‌ప్లోరర్‌ను ఆపేయాలి, ఆట ముగిశాక మళ్లీ లేపాలి. నోట్‌ప్యాడ్‌లో మూడు లైన్లు రాసి బ్యాచ్ ఫైలుగా దాచుకుంటే అదే చూసుకునేది. ఈ మూడు లైన్లు రాసింది ఏ కంపెనీవాళ్లో కాదు, ఆట మీద మమకారం చావని జనం.

వీటన్నిటికీ ఓపిక ఉంటే దారి దొరుకుతుంది. నాకు మింగుడుపడనిది తాళం. ఆ కాలపు చాలా సీడీల్లో దొంగ నకళ్లు తీయకుండా సేఫ్‌డిస్క్ అనే రక్షణ పెట్టారు. అది విండోస్ గర్భంలోని ఒక డ్రైవర్ మీద ఆధారపడేది. ఆ డ్రైవర్‌తో భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 దాన్ని వదిలేసింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో విండోస్ 7, 8లలోనూ ఆపేశారు. ఆపడం తప్పని అనను, ముప్పు నిజమే. ఫలితం మాత్రం చూడండి. డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ నడవదు, కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన తాళం పగలగొట్టిన సీడీ హాయిగా నడుస్తుంది. గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ ఓనర్‌ను సెక్యూరిటీ గేటు దగ్గర నిలబెడితే, వెనక గోడ దూకినవాడు స్విమ్మింగ్ పూల్‌లో ఈదుతున్నట్టు.

మన చట్టం ఈ విషయంలో కొంత నయం. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా కొన్న ప్రోగ్రామ్‌ను దేనికోసం ఇచ్చారో దానికి వాడుకోవడానికి నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ తాళం పగలగొట్టడాన్ని నేరమంటుంది కానీ, హక్కులు ఉల్లంఘించాలన్న ఉద్దేశం ఉంటేనే. తన సీడీని తన లాప్‌టాప్‌లో ఆడుకుందామనుకున్న మనిషి దొంగ కాడని నా వాదన.

అమ్మినవాళ్లు చేతులు దులుపుకున్నాక ఈ ఆటను మోసింది అభిమానులే. ఎన్‌సెంబుల్‌ను మైక్రోసాఫ్ట్ 2009లో మూసేసింది. యూజర్‌ప్యాచ్ అని వాళ్లూ వీళ్లూ కలిసి చేసిన సవరణ వల్ల వెడల్పు తెరల మీద కూడా ఆట సాగింది. ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అని సరదాగా కొత్త రాజ్యాలు కలిపిన బృందాన్ని చివరికి కంపెనీయే పిలిచి పని అప్పజెప్పింది. 2013లో వాళ్ల రాజ్యాలు అధికారికంగా వచ్చాయి, 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్‌లోనూ వాళ్ల చెయ్యి ఉంది. 2022లో భారత రాజవంశాలతో ఒక విడత వచ్చింది. అందులో ద్రవిడులున్నారు, తమిళం మాట్లాడతారు. కాకతీయుల నేల మీద కూర్చుని ఆడేవాళ్లకు ఒక్క తెలుగు ముక్కైనా వినబడదు. ఇది పెద్ద ఫిర్యాదు కాదు, చిన్న ఉక్రోషం.

కొత్త ఎడిషన్ బాగుంది, కొనుక్కుంటే సరిపోదా అనొచ్చు. ఈ ఆటకు ఆ అదృష్టం పట్టింది, చాలావాటికి పట్టలేదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడమే లేదు. పాతవాటిని కొందామన్నా అమ్మేవాడు లేడు. ఐరోపాలో ఆటలను చంపొద్దంటూ పెట్టిన అర్జీ మీద పది లక్షలమందికి పైగా సంతకం చేశారంటే కడుపుమంట మన ఒక్కరికే కాదన్నమాట.

దారి చూపిన కంపెనీలూ ఉన్నాయి. బ్లిజార్డ్ 2017లో మొదటి స్టార్‌క్రాఫ్ట్‌ను సరిచేసి ఉచితంగా ఇచ్చేసింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2025 ఫిబ్రవరిలో కమాండ్ అండ్ కాంకర్ వరుసలో రెడ్ అలర్ట్, జనరల్స్ సహా కొన్ని ఆటల సోర్స్ కోడ్‌ను జనం చేతిలో పెట్టింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అసలు కోడ్ మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. ఓపెన్‌ఏజ్ పేరుతో కొందరు ఆ ఇంజిన్‌ను మొదటి అక్షరం నుంచి మళ్లీ రాసుకుంటున్నారు, అదీ ఏళ్ల తరబడి. ఆ కోడ్ దాచుకున్న మైక్రోసాఫ్ట్‌కు అమెరికా బయట ఉన్న పెద్ద కేంద్రాల్లో ఒకటి గోపన్‌పల్లికి కూతవేటు దూరంలోనే ఉంది, దాని పెద్ద బేగంపేటలో చదువుకున్నవాడు. పాత కోడ్ విలువ ఏమిటో ఈ ఊళ్లో ఒకరికి చెప్పాల్సిన పనిలేదు.

కోడ్ ఇస్తే వ్యాపారం పోతుందన్న భయం అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇచ్చింది కోడ్ మాత్రమే. బొమ్మలు, సంగీతం ఇవ్వలేదు. ఆడాలంటే ఆట కొని ఉండాల్సిందే. మా మిత్రుడి సీడీలో అవన్నీ ఎటూ ఉన్నాయి.