వాడ చదువులు - 14: వాన కొలిచే హక్కు

మా బడిలో సైన్స్ గది ఉండేది. దానికి తాళం ఉండేది. ఆ తాళం మాకోసం తెరుచుకున్నది ఊడవడానికే. వాడ పిల్లలం చీపుర్లతో లోపలికి పోయి, బీరువా అద్దాల వెనక బీకర్లు చూసి బయటికొచ్చేవాళ్ళం. పదో తరగతి పాసయ్యేదాకా థర్మామీటర్ నా చేతికి రాలేదు. "ముట్టుకుంటే పగిలిపోద్ది" అనేవారు. ముట్టుకుంటే ఏమవుద్దో మనకి వేరే చెప్పాలా?

అందుకే కేరళలో ప్రభుత్వ హయ్యర్ సెకండరీ బడుల్లో పిల్లల కోసం వాతావరణ కేంద్రాలు పెట్టారని తెలిసినప్పుడు సంతోషపడ్డాను. ఇది ఆరుబయట ఉండే ప్రయోగశాల. మన బడులకీ కావాలి.

ఫోన్‌లో వాతావరణం కనిపిస్తుంది కదా అంటారు. ఫోన్ అంకె చెబుతుంది. ఆ అంకె ఎలా పుట్టిందో చెప్పదు. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. పది మిల్లీమీటర్లు పడితే వంద చదరపు మీటర్ల కప్పు మీద వెయ్యి లీటర్లు. అంటే ఇరవై లీటర్ల బిందెలు యాభై. ఈ లెక్క స్వయంగా కట్టిన పిల్ల, మా వాడ ట్యాంకర్ కోసం ఎందుకు ఎదురుచూస్తోందని అడగకుండా ఉంటుందా?

తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ మామూలు దానికన్నా తక్కువ చూపిస్తుంది. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది కాబట్టి. గాలిలో తేమ పెరిగితే ఆ తేడా తగ్గిపోతుంది. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉక్కపోత రోజున కరువు పనిలో అమ్మ ఎందుకు కళ్ళు తిరిగి పడిపోయిందో పాఠం అక్కడ దొరుకుతుంది.

ఇంకో సంగతి. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత, గాలాడే తెల్లటి పెట్టె లోపల, నీడలో కొలిచింది. అది మోసం కాదు. అన్ని ఊళ్ళనీ ఒకే తీరుగా పోల్చడానికి పెట్టుకున్న పద్ధతి. కానీ మనవాళ్ళు బతికేది ఆ పెట్టెలో కాదు, రేకుల కింద. కాబట్టి రెండో థర్మామీటర్ వాడలో, ఒక రేకుల ఇంట్లో వేలాడదీయండి. ఒకే వేళకి రెండు అంకెలూ చూసి పక్కపక్కన రాయండి. ఆ తేడాని పంచాయతీ గోడకి అంటించండి.

అయితే ఒక భయం ఉంది. ఆటోమేటిక్ యంత్రం తెచ్చి, కంచె కట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫోటో దిగి తాళం వేస్తే అది ఇంకో సైన్స్ గది అవుతుంది. చేత్తో కొలిచేవి ముందు పెట్టండి. రోల్ నంబర్ వరసలో రోజుకొకరు కొలవాలి. వాన పడని రోజు కూడా "సున్నా" అని రాయాలి, ఖాళీ వదలకూడదు. ఎవరు రాసినా అనుమానమొస్తే మళ్ళీ కొలవాలి. అంకె ముందు ఇంటిపేరు చెల్లదు. రాజ్యాంగం 51ఎ(హెచ్)లో చెప్పిన శాస్త్రీయ దృక్పథం అంటే నాకు అర్థమైంది ఇదే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఊరి బడికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: తాళం చెవి ఎవరి దగ్గరుంది?

జై భీమ్.