బాయ్‌కాట్: ఎవరు ఎవరిని వెలివేస్తున్నారు?

క్లాసుల బాయ్‌కాట్, కోర్టుల బాయ్‌కాట్, సభ నుంచి బాయ్‌కాట్ - ఈ ఇంగ్లీషు మాట వినని పల్లె లేదు. అయితే ఇది ఒక మనిషి పేరనీ, దాన్ని మాటగా మార్చింది కౌలు రైతులూ కూలీలేననీ తెలిసినవారు తక్కువ.

ఐర్లండ్ అప్పుడు బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. భూమి ప్రభువులది, చాకిరీ కౌలుదార్లది. మేయో జిల్లాలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. 1880లో, పంటలు దెబ్బతిని ఉన్న రోజుల్లో, కౌలు నూటికి 25 వంతులు తగ్గించమని రైతులు అడిగారు. 10 వంతులకు మించి తగ్గించేది లేదన్నారు. కాదన్నవారికి ఖాళీ చేయమని నోటీసులు పంపారు. నోటీసులు తెచ్చినవాణ్ణి ఆడవాళ్ళే తరిమారు.

అప్పటికి కొద్ది రోజుల ముందే, సెప్టెంబరు 19న ఎన్నిస్ సభలో భూమి సంఘం నాయకుడు పార్నెల్ ఒక దారి చూపాడు. సాటి రైతును వెళ్ళగొట్టిన భూమిని ఆశపడి తీసుకునేవాణ్ణి కాల్చనక్కర్లేదు. దారిలో, అంగట్లో, సంతలో, గుడిలో పలకరించకండి, చాలు అన్నాడు. ఆ దారినే జనం ఏజెంటు మీద ప్రయోగించారు. కూలీలు చేను దిగలేదు. పనివాళ్ళు ఇల్లు వదిలారు. బట్టలుతికేవారు లేరు, కమ్మరి పని లేదు, కొట్లో సరుకు పుట్టలేదు.

సర్కారు ఏం చేసింది? బయటి జిల్లాల నుంచి 50 మంది కోతగాళ్ళు వస్తే, వాళ్ళకు కాపలాగా దాదాపు వెయ్యిమంది సైనికుల్నీ, పోలీసుల్నీ దించింది. 500 పౌన్లు చేయని పంట కోయించడానికి 10,000 పౌన్లు ఖర్చయిందని లెక్క తేలింది. నవంబరు 27న బాయ్‌కాట్ ఊరు విడిచాడు. ఈ పోరాటానికి పెట్టదగిన పండిత పదం రైతులకు అర్థం కాదని, ఫాదర్ ఓమేలీ అనే మతగురువు ఆయన పేరునే సూచించాడట. మరుసటి ఏడే, 1881లో, న్యాయమైన కౌలును కోర్టు చేత నిర్ణయింపజేసుకునే హక్కు చట్టమైంది.

మన దగ్గరా 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో కూలీలూ, చేతివృత్తులవారూ దొరల పని మానేశారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం వాటిని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

కానీ మన పల్లెల్లో వెలి అనేది ఎక్కువగా పైనుంచి కిందికే వచ్చింది. 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులను పనుల నుంచి, పొలాల నుంచి వెలివేశారు. ఆ వెలి ఆగస్టు 6న 8 మంది దళితుల హత్యదాకా పోయింది. దీన్నీ బాయ్‌కాట్ అనే రాశారు. మాట ఒకటే, అర్థం తలకిందులు. కూలీ పని మానితే దొర పంట నిలుస్తుంది. ఆసామి పని ఆపితే కూలీ ఇంట పొయ్యి ఆరుతుంది. మొదటిది నిరసన, రెండోది నేరం.

ఈ మాట మేమంటున్నదే కాదు, చట్టమూ అంటున్నది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడాన్నీ, విధిస్తామని బెదిరించడాన్నీ నేరంగా చేర్చింది. 2016 జనవరి 26 నుంచి అది అమలులో ఉంది. కాబట్టి ఊళ్ళో వెలి దండోరా పడితే, "ఊరి కట్టుబాటు గదా" అని ఊరుకోరాదు. సంఘం వెంటనే కదలాలి, కేసు పెట్టించాలి, ఆ ఇళ్ళకు పనీ, గింజలూ అందేలా చూడాలి. చేతిలో పని తప్ప మరేమీ లేనివాడి ఆయుధం బాయ్‌కాట్. దాన్ని భూమిగలవాడి చేతికి పోనివ్వకూడదు.