వాచీ 'సైనస్ రిథమ్' అంటే గుండె వైరింగ్ బాగున్నట్టేనా?

స్మార్ట్‌వాచీలను పోల్చే పట్టికల్లో ఈసీజీ అని రాసి పక్కన ఒక టిక్కు కొడతాం, అయిపోతుంది. నన్నడిగితే ఆ టిక్కు సగమే నిజం.

ఆత్మకూరు వైపు గుండె మాట వస్తే ఒక పేరు తప్పకుండా వస్తుంది. ఇక్కడి ఎమ్మెల్యే, అప్పటి ఐటీ, పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో గుండె ఆగి చనిపోయారు. వయసు 50 ఏళ్లే. అంత్యక్రియలు ఉదయగిరిలో జరిగాయి. ఆయనకి హార్ట్ బ్లాక్ అని నేను అనడం లేదు, అది వేరే సంగతి. కానీ అప్పట్నుంచి 'నాన్నకి ఈసీజీ వాచీ కొందామా' అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల కోసమే ఇది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన ఇళ్లలో 'గుండెలో రెండు బ్లాకులున్నాయంట, స్టెంట్ వేశారు' అంటారే, అవి రక్తనాళాల్లో పూడికలు. అది పైపుల సమస్య. ఈసీజీలో కనిపించే 'హార్ట్ బ్లాక్' కరెంటు సమస్య. గుండె పై గదుల్లో పుట్టిన సిగ్నల్ ఏవీ నోడ్ అనే జంక్షన్ దాటి కింది గదులకి చేరాలి. చేరడం ఆలస్యమైనా, మధ్యమధ్యలో చేరకపోయినా అది పాక్షిక బ్లాక్.

గేమ్ ఆడేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఈసీజీలో చిన్న గుట్టలా ఉండేది పీ వేవ్, అంటే పింగ్ పంపినట్టు. తర్వాత నిటారుగా లేచేది క్యూఆర్ఎస్, అంటే జవాబు వచ్చినట్టు. పీ మొదలైన చోటు నుంచి క్యూఆర్ఎస్ మొదలయ్యే దాకా మామూలుగా 120 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఈసీజీ కాగితం మీద ఒక పెద్ద గడి అంటే 200. ప్రతిసారీ అంతకు మించుతూ, ఒక్క జవాబూ తప్పిపోకపోతే ఫస్ట్ డిగ్రీ: పింగ్ ఎక్కువ, ప్యాకెట్ లాస్ లేదు. చాలామందికి దీనితో ఇబ్బందేమీ ఉండదు.

సెకండ్ డిగ్రీలోనే అసలు తేడా ఉంది. పింగ్ బీటుబీటుకీ పెరుగుతూ పోయి ఒక జవాబు ఎగిరిపోతే వెంకెబాక్, మోబిట్జ్ 1 అన్నా అదే. ఆటగాళ్లకి, నిద్రలో ఉన్న కుర్రాళ్లకి కూడా ఇది కనిపిస్తుంది, ఎక్కువసార్లు ప్రమాదం ఉండదు. పింగ్ స్థిరంగా ఉండి, చెప్పాపెట్టకుండా ఒక జవాబు మాయమైతే మోబిట్జ్ 2. భయపడాల్సింది దీనికే. ఇది పూర్తి బ్లాక్‌గా మారొచ్చు, లక్షణాలు లేకపోయినా సాధారణంగా పేస్‌మేకర్ దాకా వెళ్తుంది. ప్రతి రెండో బీటూ పోతుంటే ఏ రకమో ఆ స్ట్రిప్ చూసి డాక్టర్లే తేల్చలేకపోవచ్చు. వరసగా రెండు పీఆర్‌లు ఉంటేనే కదా పోల్చేది!

ఇప్పుడు వాచీ సంగతి. యాపిల్ వాచ్ ఈసీజీ 30 సెకన్లు, ఒకే లీడ్. అది వెతికేది ముఖ్యంగా ఏఫిబ్. ఫస్ట్ డిగ్రీ బ్లాక్ ఉన్నా పల్స్ క్రమంగానే ఉంటుంది కాబట్టి 'సైనస్ రిథమ్' అనే చూపించొచ్చు. పల్స్ 50కి తగ్గితే 'లో హార్ట్ రేట్' అంటుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. ఇక రెండు వేల రూపాయల వాచీల్లో చాలావాటికి ఈసీజీ ఎలక్ట్రోడ్లే ఉండవు. పచ్చ లైటు రక్తం కదలికని చూస్తుంది, పీ వేవ్‌ని చూడలేదు.

అలాగని వాచీ దండగ అనను. స్క్రీన్ మీద వచ్చే ఆ ఒక్క మాటకన్నా లోపల దాచే పీడీఎఫ్ విలువైనది. కళ్లు తిరిగిన క్షణంలో తీసిన స్ట్రిప్ డాక్టర్ చేతిలో పడితే పనికొస్తుంది, ఎందుకంటే వచ్చిపోయే బ్లాక్ ఆసుపత్రికి చేరేసరికి కనిపించకపోవచ్చు. ఆత్మకూరు నుంచి నెల్లూరు 50 కిలోమీటర్లకు పైనే, ఉదయగిరి వాళ్లకి ఇంకా దూరం. అందుకే నేను రివ్యూ చేస్తే ముందు చూసేది ఇదే: పీడీఎఫ్ సులువుగా బయటికి వస్తుందా, అందులో పీ వేవ్ కనిపిస్తుందా, లేక అంతా గజిబిజి గీతలేనా. బ్యాటరీ స్కోరు తర్వాత.

నాన్న వేసుకునే బీపీ మాత్రల పేర్లు కూడా చూడండి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, డిల్టియాజెమ్, డిగాక్సిన్ కూడా పీఆర్‌ని సాగదీస్తాయి. మీకు మీరే ఆపేయొద్దు, చీటీ పట్టుకెళ్లి అడగండి. స్పృహ తప్పితే మాత్రం వాచీ ఏమందో చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, 12 లీడ్ల ఈసీజీ తీయించండి.