అభిమానమునకు గజముబద్ద

కడప జిల్లాలో వేముల దరినున్న తుమ్మలపల్లె నేలను గొలిచినంత శ్రద్ధగా ఆ యూరి మనుష్యుని మనస్సును ఎవ్వరును గొలిచియుండలేదు. ఏ రాతిపొరలో యురేనియము ఎంత కలదో నిపుణులు ఏండ్ల తరబడి నేలను తొలిచి పరిశోధించిరి. 2012లో గని ప్రారంభమయ్యెను. ఖనిజము దేశమంతటికిని పోవును. బావినీరు మాత్రము ఊరివారే త్రాగవలయును. ఆ నీరు చెడుచున్నదని చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి. అట్టి రైతునొద్దకు కాగితము పుచ్చుకొని వచ్చి, “నీవు ముందు భారతీయుడవా, తెలుగువాడవా, సీమవాడవా? ఒక్కటే చెప్పుము” అని యడిగినచో నాతడేమి చెప్పవలెను? సీమవాడనన్నచో దేశభక్తి కొరవడినదని వ్రాసికొందురు. భారతీయుడనన్నచో సీమగోడు తీరినదని వ్రాసికొందురు. రెండును అబద్ధములే.

జనులను లెక్కించుట తప్పని మేమనము. లెక్కకు రానివాని యాకలి దొరతనమువారి చెవినిబడదు. కాని అభిమానమును కడవలోని నీరుగా భావించి, ఒకచోట నిండినచో మరియొకచోట తరుగవలయునని తలచి ప్రశ్నలు గూర్చుట తప్పు. స్కాట్లండు, స్పెయిను దేశములలో వాడుకకు వచ్చిన మొరేనో ప్రశ్న ఈ దోషమును గొంత దిద్దినది. అందు “రెండును సమానమే” యను సమాధానమునకు చోటు గలదు. అంతవరకు మేలే. కాని సమానమన్నవానికి ఏమి కావలయునో ఆ ప్రశ్నయు అడుగదు.

మన చరిత్రయే ఇందుకు సాక్ష్యము. నిజాము 1800లో కుంఫిణీవారికిచ్చివేసిన నేల యగుటచే మన జిల్లాలకు దత్తమండలములను పేరు గలిగెను. ఆ పేరు సహింపక, 1928లో నంద్యాల సభలలో రాయలసీమ యను పేరు గైకొనిరి. పదియేండ్లు నిండకమునుపే, 1937 నవంబరు 16వ తేదీన, మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమున కోస్తా నాయకులును సీమ నాయకులును ఒడంబడిక చేసికొనిరి. సీమవారు ఆంధ్రరాష్ట్రము వలదనలేదు. రాష్ట్రము కావలయుననుచునే, తుంగభద్రా కృష్ణా పెన్నా జలములలో తమకు ప్రాధాన్యమును, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రమును, రాజధాని హైకోర్టులలో నొకటియు కోరిరి. ఆనాడు వారిని “ఆంధ్రులా, సీమవారా?” యని యడిగి గీటు పెట్టించియున్నచో ఏ గీటు నిజమగును? 1953లో కర్నూలు రాజధానియయ్యెను; 1956లో అదియు పోయెను. కావున “నేను సీమవాడను” అనుట తోడివారిపై ద్వేషము గాదు. ఇచ్చిన మాటను జ్ఞాపకము చేయుట. ఈ భేదమెరుగని పట్టిక హక్కు నడిగినవానిని వేర్పాటువానిగా జూపును.

పేర్ల కూర్పులోనే ఎంత యధికారమున్నదో చూడుడు. 2011 సెన్ససులో మాతృభాషలని జనులు చెప్పిన పేర్లు 19,569. వానిని వడగట్టి 1,369 గావించి, తుదకు పదివేలమందికి తక్కువగాక మాటలాడు 121 భాషలుగా గూర్చిరి. సీమ తండాలో లంబాడీతల్లి బిడ్డకు జోలపాడు భాష ఆ పట్టికలో హిందీ క్రింద జేరినది. దేశమున అట్లు చేరినవారు 32 లక్షలకు పైబడుదురు. ఆ తల్లికి హిందీలో నొక్క వాక్యమును రాకపోవచ్చును. తా బట్టిన కుందేటికి మూడే కాళ్లన్న చందమున, గడి చాలనప్పుడు గడిని పెంచక మనుష్యులను కుదించిరి.

2019-20 సంవత్సరములలో ప్యూ అను అమెరికా పరిశోధన సంస్థ 17 భాషలలో సుమారు 30,000 మందిని బ్రశ్నించెను. నిజమైన భారతీయుడగుటకు హిందీ మాటలాడుట ఎంత ముఖ్యమనునది ఒక ప్రశ్న. హిందువులలో నూటికి 59 మంది మిక్కిలి ముఖ్యమనిరి. ఈ యంకెను మేము కాదనము. కాని హిందీ రాని తుమ్మలపల్లె అవ్వ భారతీయత పొరుగువారి యోట్లచే తేలవలసినది గాదు. అభిప్రాయముల పట్టిక అర్హతాపత్రము గాజాలదు.

ఇక తప్పు ప్రశ్నించువారియందే గలదా? మన యిండ్లలో సమాధానము చెప్పువా రెవరు? పంచలో గూర్చున్న యజమాని. బళ్లారినుండి వచ్చిన కోడలు కన్నడము పలుకుచు పెరిగినదైనను, మగడు “తెలుగే” యని చెప్పివేయును, ఆమె వంటింటనుండును. సొంత యిల్లాలి నోరు మూసి, సర్కారు మన నోరు మూసెనని గోలపెట్టుట న్యాయమా?

2025లో ప్రకటింపబడిన సెన్ససునకు 2027 మార్చి 1వ తేదీ ప్రమాణదినము. చదువరులారా, మేము కోరునవి మూడు. అభిమానమును గూర్చి యడుగువారు ఒకటికంటె నెక్కువ పేర్లు చెప్పుటకు చోటీయవలయును. అంకెతోపాటు ప్రశ్నను ఉన్నదున్నట్లు అచ్చువేయవలయును. ఇంటిలో నెదిగిన ప్రతివారిని వేరువేరుగా నడుగవలయును. మూడవది సర్కారుకై వేచియుండనక్కరలేదు. నేటి రాత్రియే మన వంటింటి గడపనొద్ద ప్రారంభింపవచ్చును.

నేలలోని రాతిని బ్రద్దలుకొట్టి విలువగట్టవచ్చును. మనుష్యుని ముక్కలుచేసి ఏ ముక్క దేశమునకు, ఏ ముక్క సీమకు అని యడిగినచో, తుదకు అంకె మిగులును, మనుష్యుడు మిగులడు.