దిండి చూచినవారు చూడనిది

ఐర్లండు దేశమున స్లైగో యను చిన్న జిల్లా కలదు. యేట్సు మహాకవి బాల్యమున పెక్కు దినములు గడపిన సీమ యది. 1939లో ఫ్రాన్సులో మరణించిన ఆ కవి భౌతికకాయమును 1948లో అచ్చటి డ్రమ్‌క్లిఫ్ గ్రామమునకు తెచ్చి ఖననము చేసిరి. అచ్చటి సరస్సులను, కొండలను చూడవచ్చువారిలో పలువురు ఆయన కవితలు చదివియే బయలుదేరుదురు.

మన దిండికి వచ్చువారు ఏమి చదివి వచ్చుచున్నారు? వశిష్ఠా గోదావరి యొడ్డున పర్యాటకశాఖవారి వసతిగృహములున్నవి, ఇంటిపడవలున్నవి. ఒక పూట పడవలో తిరిగి, కొబ్బరిబొండము త్రాగి, నాలుగు ఛాయాచిత్రములు తీసికొని చించినాడ వంతెన మీదుగా వెడలిపోవుచున్నారు. అందు దోషమేమియు లేదు. అలసిన ప్రాణమునకు ఏటిగాలి మంచిదే. కాని పిల్లలను తోడ్కొనివచ్చు ఉపాధ్యాయులును అంతటితోనే మరలిపోవుట విచారకరము.

దిండికి దిగువను, వశిష్ఠ సముద్రమున కలియు చోట అంతర్వేది యున్నది. 2020 సెప్టెంబరులో అచ్చటి నరసింహస్వామి రథము దగ్ధము కాగా, మరుసటి యేటి కల్యాణోత్సవములనాటికి క్రొత్త రథము సిద్ధమైనది. రాజోలు దాటి అమలాపురము పోవు త్రోవలో మామిడికుదురు కలదు. ‘పాలేరు’ నాటకకర్త బోయి భీమన్న పుట్టిన యూరది. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యమునకు 1975లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. కొబ్బరాకుల నీడను ఎవరి చెమట యింకినదో పిల్లలకు చెప్పదలచిన ఉపాధ్యాయునకు ఆయన రచనలు చాలును. ఆ మండలమునందే, వైనతేయ యొడ్డున, ఆదుర్రులో బౌద్ధస్తూపపు ఇటుక శిథిలములున్నవి. వేదఘోషకు పేరుపడిన సీమలో ఒకనాడు బుద్ధుని మాటయు వినబడినదన్నమాట!

ఇవన్నియు ఒక యెత్తు, తోటలు ఒక యెత్తు. ఈ పచ్చదనమును ప్రకృతి యొక్కటే ప్రసాదింపలేదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట కాలువలకు తీపినీరిచ్చినది. ఆ నీరు చేలకు చేరుచు, మురుగు సముద్రమునకు దిగుచున్నంతవరకే ఈ లంకసీమ పచ్చగా నుండును. 1996 నవంబరు తుపానులో లెక్కకు మిక్కిలిగా కూలిన చెట్ల స్థానమున రైతులు మరల మొక్కలు నాటి, కాపునకై ఏండ్లు వేచిరి. తుపాను ఒక రాత్రిలో వచ్చి పోయినది. ఉప్పు అట్లు పోదు. దిండి యున్న మలికిపురము మండలముననే శంకరగుప్తము మురుగుకాలువ గుండ పోటునీరు ఎగదన్ని తోటలలో చేరుటచే, కొబ్బరిచెట్లు మొవ్వులు వాడి, తలలు రాలి, మోడులై నిలిచినవి. 2025లో రాష్ట్రమంతయు ఆ మోడుల చిత్రములను చూచినది.

ఇంటిపడవ అచ్చటికి పోదు. కోనసీమ యాత్రపై వ్యాసము వ్రాయుమన్న పిల్లలందరును గోదావరి, కొబ్బరిచెట్టు అని ఒక్క తీరుననే వ్రాయుచున్నారు. ఈ మారు వారిని ఆ కాలువగట్టుపై ఒక గంట నిలుపవలెను. చెట్టు కాపు ఏ యేట తగ్గినదో, బావినీరు ఏ యేట ఉప్పనైనదో ఆ తోట రైతునే అడిగి వ్రాసికొనుమని చెప్పవలెను.